సిరోంచ ఆడవాళ్ల గుండెదడ గురించి గడ్చిరోలి జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

గడ్చిరోలి జిల్లా కలెక్టర్ గారికి, సివిల్ సర్జన్ గారికి, జిల్లా పరిషత్ ఆరోగ్య అధికారి గారికి నమస్కారం.

నేను మహారాష్ట్రలో, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచలో మెడికల్ షాపు నడిపే మనిషిని. ఫార్మసీ చదువుకుని, పెళ్లయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి కౌంటర్ వెనకే ఉన్నాను. మా చుట్టుపక్కల ఆడవాళ్లు ఏ గోళీలు కొంటున్నారో, ఎందుకు కొంటున్నారో చెప్పి, ఆ తర్వాత మీ నుంచి ఏం కావాలో అడుగుతాను. ఈ ఉత్తరంలో ఉన్నది ఎవరి బాధో వాళ్లే ముందు చదవాలని తెలుగులో రాస్తున్నాను. మరాఠీ ప్రతి మీ ఆఫీసులకు విడిగా పంపుతున్నాను.

ఈ జిల్లా చంద్రపూర్ నుంచి విడిపోయి ఏర్పడింది 1982లో. అన్నలు, అంటే నక్సలైట్లు, ఈ అడవిలో అడుగుపెట్టిందీ దాదాపు అప్పుడే. అంటే జిల్లా వయసెంతో మా భయం వయసూ అంతే. 2018 ఏప్రిల్‌లో కస్నాసూర్ దగ్గర ఎదురుకాల్పుల తర్వాత 40 శవాలు లెక్కకొచ్చాయి. ఆ మరుసటి ఏడు మే 1న కుర్ఖేడా దగ్గర మందుపాతర పేలి 15 మంది జవాన్లు, వాళ్ల డ్రైవరు పోయారు. 2025 అక్టోబర్ 15న మావోయిస్టు అగ్రనేత మల్లోజుల వేణుగోపాలరావు 60 మందితో కలిసి ముఖ్యమంత్రి ముందు ఆయుధాలు అప్పగించాడు. ఆ రోజు మా బజారులో జనం నిజంగానే ఊపిరి పీల్చుకున్నారు, నేనూ పీల్చుకున్నాను. కానీ మా కౌంటర్ దగ్గర అమ్మకాలు మారలేదు. నిద్ర గోళీలు, నొప్పుల గోళీలు, గ్యాస్ గోళీలు అడిగే ఆడవాళ్లు అడుగుతూనే ఉన్నారు.

వాళ్లు ఎలా అడుగుతారో చెప్తాను. షాపులో మగవాళ్లు లేని వేళ చూసుకుని వస్తారు. కొంగు ముడి విప్పి, కత్తిరించిన స్ట్రిప్పు ముక్క ఒకటి కౌంటర్ మీద పెడతారు. పేరు సగానికి తెగిపోయి ఉంటుంది, పక్కన 0.25 అన్న అంకె మాత్రం కనిపిస్తుంది. "గిదే గోళీ ఇయ్యి అక్కా, దీంతోనే కన్ను మూతపడుతుంది" అంటారు. అది ఆల్ప్రజోలామ్. డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడని మందు, నేను ఇవ్వను. ఎవరిచ్చారని అడిగితే ఒకరు వదిన పేరు చెప్తారు, ఒకరు నది అవతలి ఆర్‌ఎంపీ పేరు చెప్తారు. ఆ గోళీ నాలుగు రోజులు నిద్ర పట్టిస్తుంది, నిజమే. వారాల తరబడి వాడితే ఒళ్లు దానికి అలవాటు పడిపోతుంది. ఒక్కసారిగా మానేస్తే దడ, వణుకు, నిద్రలేమి మొదటికంటే ఎక్కువగా వచ్చి పడతాయి. పెద్ద దెబ్బ తిన్న మనిషికి మొదటి నెలలో ఈ రకం మందులు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే చెప్పింది. మా దగ్గర మాత్రం ఇంట్లో ఎవరైనా చనిపోతే ఓదార్పుకు వచ్చినవాళ్లే ఈ గోళీ చేతిలో పెట్టి పోతారు. వాళ్లకు అంతకంటే దారి తెలియదు.

నిద్ర గోళీ దొరకనివాళ్లు నొప్పి గోళీతో సరిపెట్టుకుంటారు. ఒళ్లంతా లాగుతోందని డైక్లోఫెనాక్, అది రోజూ మింగితే కడుపులో మంట కాబట్టి గ్యాస్ గోళీ, నీరసానికి బి కాంప్లెక్స్. రోజూ వాడే నొప్పి మందు కడుపులో పుండు చేస్తుంది, బీపీ పెంచుతుంది, కిడ్నీల మీద పడుతుంది. భయంతో మొదలైన జబ్బు ఇట్లా ఇంకో రెండు జబ్బులను వెంట తెచ్చుకుంటుంది.

ఏం భయం అని మీరు అడగవచ్చు. అంకీస, ఆసరెల్లి వైపు నుంచి వచ్చే ఆడవాళ్లు నాతో చెప్పుకున్నది ఇది. రాత్రిపూట అన్నలు వస్తే వండి పెట్టింది ఆమే. తెల్లవారి జవాన్లు వచ్చి ఎవరికి వండావని అడిగితే జవాబు చెప్పాల్సిందీ ఆమే. మగమనిషి కొన్నాళ్లు మిరప చేన్ల పని పేరుతో గోదావరి అవతలికి పోయి తలదాచుకోవచ్చు. పిల్లలను, మేకలను, ముసలి అత్తను వదిలి ఆమె ఎక్కడికి పోతుంది? ఊళ్లో ఎవరినైనా ఇన్ఫార్మర్ అని చంపి పడేస్తే, ఆ ఇంటి ఆడమనిషితో మాట్లాడటానికి కూడా పక్కింటివాళ్లు జంకేవారు. అట్లాంటి రాత్రులు పోయి ఏళ్లు గడిచిన ఊళ్లలో కూడా కుక్కలు మొరిగితే లేచి కూర్చునే ఆడవాళ్లు ఉన్నారు. తలుపు గట్టిగా కొడితే వాళ్ల చేతిలో గిన్నె జారిపోతుంది.

ఒంట్లో జరిగేదేమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ ఈ ఉత్తరం చదివే అక్కచెల్లెళ్ల కోసం రాస్తున్నాను. ప్రమాదం అనిపించగానే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ పెరుగుతాయి. గుండె వేగం పెరుగుతుంది, బీపీ పెరుగుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, అరుగుదల మందగిస్తుంది. పరుగెత్తి ప్రాణం కాపాడుకోవడానికి ఒళ్లు చేసుకునే ఏర్పాటు అది. గంటసేపు ఉండి పోవాల్సింది ఏళ్లపాటు పోకపోతే బీపీ, షుగర్ నిలబడిపోతాయి, మెడ, నడుము పట్టేస్తాయి, కడుపు ఎప్పుడూ ఉబ్బరంగా ఉంటుంది. పెద్ద షాక్ తగిలిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతుంది. అప్పుడు నూనె మార్చాలనుకుంటారు గానీ, మూడు నెలల కిందట ఏం జరిగిందో ఎవరికీ గుర్తుకు రాదు.

నెలసరి కూడా తప్పుతుంది. మెదడు నుంచి అండాశయాలకు అందాల్సిన సంకేతాలు మందగించడం వల్ల ఇట్లా జరుగుతుంది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ డాక్టర్లు దీన్ని చూసి రాసిపెట్టారు. నిర్బంధ శిబిరాల్లో ఆకలి, భయం కలిసినచోట ఎంతోమంది ఆడవాళ్లకు నెలసరి పూర్తిగా ఆగిపోయింది. ఇక్కడి సంగతి ఆలోచించండి. కొత్తగా పెళ్లయిన పిల్లకు రెండు నెలలు తప్పితే ఇంట్లో సంబరం మొదలవుతుంది, పరీక్షలో ఏమీ లేదని తేలాక అదే ఇంట్లో సూటిపోటి మాటలు మొదలవుతాయి. భర్త పోయిన మనిషికి నెల తప్పితే ఊరు ఏమంటుందో నేను రాయలేను. ఆమె దవాఖానకు రాదు. మూడో మనిషిని పంపి, ఏదో ఒక గోళీ ఇచ్చి నెలసరి తెప్పించమని అడుగుతుంది.

తల్లిపాల విషయం ఇంకా బాధగా ఉంటుంది. భయంలో, దుఃఖంలో ఉన్న తల్లికి పాలు తయారవుతూనే ఉంటాయి, కిందికి దిగడం మాత్రం కాసేపు ఆలస్యమవుతుంది. పక్కన మనిషి ఉండి ధైర్యం చెప్పి, బిడ్డను పదేపదే రొమ్ముకు పట్టిస్తే మళ్లీ దిగుతాయి. ఆ సంగతి చెప్పేవాళ్లు లేక, "బెదిరి పాలు ఎండిపోయాయి" అని నిర్ణయించేసి పాలడబ్బా కొనడానికి వస్తారు. డబ్బా ధర చూసి చిన్నది అడుగుతారు, అది ఎక్కువ రోజులు రావాలని పలుచగా కలుపుతారు. మా వానాకాలపు నీళ్లు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాక మళ్లీ ఓఆర్‌ఎస్ కోసం మా షాపుకే వస్తారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఆడవాళ్లు మనసులో బాధ ఉందని చెప్పరు. గుండెదడ అంటారు, తల తిరుగుతోందంటారు, చివరగా గొంతు తగ్గించి తెల్లబట్ట అవుతోందంటారు. ఈ చివరి మాట విన్నప్పుడు డాక్టర్లు, మందుల షాపులవాళ్లు ఏం చేయాలో మన జిల్లా దేశం మొత్తానికి నేర్పింది. డాక్టర్ రాణీ బంగ్ గారు ఇదే గడ్చిరోలిలో రెండు పల్లెల ఆడవాళ్లను పరీక్షించి 1989లో లాన్సెట్ పత్రికలో రాశారు. నూటికి 92 మందికి గర్భాశయానికి, లోపలి భాగాలకు సంబంధించిన ఏదో ఒక జబ్బు ఉందని, అప్పటిదాకా పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి 8 మందేనని తేలింది. ఆడవాళ్లు ఊరికే చెప్తున్నారని కొట్టిపారేసిన నోళ్లన్నీ ఆ రోజు మూతపడ్డాయి. ఆ తర్వాత 2005లో గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం చేసిన సర్వే ఇంకో వైపు చూపించింది. తెల్లబట్ట అని చెప్పినవాళ్లలో ఇన్ఫెక్షన్ కంటే మనసు బాధ, ఇంట్లో కష్టాలు ఎక్కువగా కనిపించాయి. ఈ రెండూ నిజాలే. కాబట్టి సిరోంచలో తెల్లబట్ట అని వచ్చిన మనిషికి లోపలి పరీక్ష చేయాలి, అదే గదిలో ఆమె నిద్ర గురించీ, భయం గురించీ అడగాలి. ఒకటి చేసి రెండోది వదిలేస్తే సగం వైద్యమే అవుతుంది. ఇప్పుడు చాలాచోట్ల రెండూ లేకుండా ఒక కిట్టు మందులు చేతిలో పెట్టి పంపుతున్నారు.

అట్లాగే ఒళ్లు నొప్పులన్నింటినీ మనసు మీదికి తోసేస్తే ఇంకో తప్పవుతుంది. మన అడవి జిల్లాలో వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు సికిల్ సెల్ ఉంది, మలేరియా ఉంది, రక్తం తక్కువగా ఉన్న ఆడవాళ్లు ఇంటింటికీ ఉన్నారు. హిమోగ్లోబిన్, సికిల్ సెల్, థైరాయిడ్, బీపీ, షుగర్ చూడకుండా "టెన్షన్ తగ్గించుకో అమ్మా" అని పంపడం ఆమెను అవమానించడమే. టెన్షన్ ఆమె కొని తెచ్చుకున్నది కాదు.

పోలీసుల ఇళ్లలోని ఆడవాళ్లను కూడా ఇందులో కలపమని ప్రత్యేకంగా అడుగుతున్నాను. ఊరి ఆడవాళ్లకూ వాళ్లకూ మధ్య మాటలు తక్కువ. బాధ మాత్రం ఒకే రకం. మనిషి ఆపరేషన్‌కు అడవిలోకి పోతే ఫోన్ కలవదు. టీవీలో కింద ఎర్ర అక్షరాలు పరుగెత్తుతుంటాయి, పేర్లు ఉండవు. మా షాపుకు వచ్చే ఒక చిన్న వయసు కానిస్టేబుల్ భార్య మరాఠీ ఆమె, నాగపూర్ వైపు పిల్ల. ఆయన డ్యూటీకి పోయినన్నాళ్లు అన్నం సహించదని, సహించినది నిలవదని చెప్పింది. గ్యాస్ గోళీలు మాత్రం తీసుకుంటుంది. అడవి నుంచి లొంగిపోయి వచ్చినవాళ్లలో కూడా ఆడవాళ్లున్నారు. వాళ్లకు ఇల్లు, డబ్బు, పని చూపించే పథకం ఉంది, మంచిదే. ఏళ్లకేళ్లు మలేరియాతో, సరైన తిండి లేకుండా, నెలసరికి బట్ట కూడా దొరకని చోట తిరిగిన ఒళ్లకు, కళ్ల ముందు తోటివాళ్లు పడిపోవడం చూసిన మనసులకు చికిత్స కూడా ఆ పథకంలో రాసి ఉండాలి.

ఇప్పుడు తుపాకులు చల్లబడ్డాయి కదా, నెమ్మదిగా వాళ్లే కోలుకుంటారని ఎవరైనా అనుకుంటే అది సగమే నిజం. చాలామంది కోలుకుంటారు, మన ఆడవాళ్ల గట్టితనం నాకు తెలుసు. అందరూ కోలుకోలేరు. పోరు నడిచిన ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరికి డిప్రెషన్, ఆందోళన లాంటి ఏదో ఒక మానసిక సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన అంచనా. భయంకరమైన అనుభవం తర్వాత వచ్చే పీటీఎస్‌డీ మగవాళ్లతో పోలిస్తే ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. కొందరిలో అది జరిగిన ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత పూర్తిగా బయటపడుతుంది. ప్రమాదం ఉన్నంతకాలం పిల్లలను సాకుతూ బిగబట్టుకుని నిలబడిన మనిషి, కాస్త నెమ్మది దొరికాక కూలబడుతుంది. అందుకే క్యాంపులు, పరీక్షలు ఇప్పుడే కావాలంటున్నాను.

డాక్టర్లు లేరు, సైకియాట్రిస్టులు అంత దూరం రారు అని మీరు చెప్పే ఇబ్బంది నాకు తెలుసు. గడ్చిరోలి మాకు సుమారు 200 కిలోమీటర్లు, ఆలాపల్లి రోడ్డు వానల్లో ఎట్లా ఉంటుందో నేను వర్ణించనక్కర్లేదు. అందుకే మావాళ్లు గోదావరి, ప్రాణహిత వంతెనలు దాటి మంచిర్యాలకో వరంగల్‌కో పోయి, ప్రైవేటులో చేతి డబ్బు పెడతారు. కానీ డాక్టర్ల కొరతకు జవాబు కూడా ఈ జిల్లాలోనే పుట్టింది. అభయ్ బంగ్, రాణీ బంగ్ గార్ల 'సెర్చ్' సంస్థ పల్లె ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, ఇంటికే పోయి పసిగుడ్డును చూసుకునేలా చేసింది. 39 ఊళ్లలో నవజాత శిశువుల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అచ్చువేసింది. ఇప్పుడు దేశమంతటా ఆశా వర్కర్లు బాలింత ఇంటికి 42 రోజుల్లో ఆరేడుసార్లు పోతున్నారంటే ఆ పద్ధతి ఇక్కడిదే. ఊరి మనిషికి నేర్పితే బిడ్డ ప్రాణం నిలబెట్టగలిగింది. తల్లి మనసును కూడా నిలబెట్టగలదని పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో రుజువు చేశారు. అక్కడ మన ఆశాల్లాంటి ఆరోగ్య కార్యకర్తలు డిప్రెషన్‌లో ఉన్న గర్భిణుల ఇళ్లకు పోయి పద్ధతి ప్రకారం మాట్లాడారు. కాన్పయిన ఆరు నెలలకు, మామూలు సందర్శనలే జరిగిన తల్లుల్లో 53 శాతం మంది ఇంకా డిప్రెషన్‌లో ఉంటే, వీళ్లు పద్ధతి ప్రకారం మాట్లాడిన తల్లుల్లో అది 23 శాతమే. పిల్లలకు టీకాలు ఎక్కువగా పడ్డాయి, విరేచనాలు తగ్గాయి. ఇది 2008లోనే వచ్చిన ఫలితం.

మన ఆశా తాయిల చేతిలో ఇప్పటికే ఒక ఫారం ఉంది. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ వివరాలు రాసే ఆ ఫారం చివర రెండు ప్రశ్నలుంటాయి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉందా, మనసు దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా అని. ప్రశ్నలు మంచివే. అవి అత్త పక్కన కూర్చుని ఉండగా, వాకిట్లో నలుగురు వింటుండగా అడిగితే ఏ కోడలైనా లేదనే చెప్తుంది. ఆశాకు ఆ రెండు ప్రశ్నలు తెలుగులో, ఇక్కడి ఆదివాసుల మాడియా భాషలో ఎట్లా అడగాలో నేర్పండి. ఒంటరిగా అడగడానికి వీలు కల్పించండి. 30 నిండని బాలింతలను కూడా అడగనివ్వండి. అవునన్న మనిషిని ఎక్కడికి పంపాలో ఆశాకు తెలియాలి. తెలియకపోతే ఆ ప్రశ్న అడగడం కూడా ఆమెకు భారమే అవుతుంది. ఆశా కూడా అదే ఊళ్లో అదే భయంలో బతికిన మనిషి. ఆమె బాధ వినడానికి కూడా నెలకొకసారి ఒకరు ఉండాలి. ఈ పనికి ఆమెకు విడిగా డబ్బు ఇవ్వాలి.

అట్లా పంపిన మనిషి కోసం సిరోంచ గ్రామీణ ఆసుపత్రిలో సైకియాట్రిస్టు వచ్చే రోజు నెలకు రెండైనా ముందే ప్రకటించి, తప్పకుండా నడపండి. రాలేని రోజు వీడియోలో మాట్లాడించండి. మిగతా రోజుల్లో తెలుగు, మరాఠీ, మాడియా వచ్చిన ఆడ కౌన్సెలర్ ఉండాలి. డిప్రెషన్‌కు వాడే ఫ్లూఒక్సెటిన్ లాంటి మామూలు మందులు అక్కడే ఉచితంగా, మధ్యలో ఆగకుండా దొరకాలి. ఆ మందులు పని చేయడానికే వారాలు పడుతుంది, పది రోజులకిచ్చి తర్వాత స్టాకు లేదంటే మొదటికొస్తుంది. మనసు బాధ చెప్పుకోవడానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలిమానస్ నంబరు 14416లో తెలుగులో కూడా మాట్లాడవచ్చన్న సంగతి ఇక్కడ చాలామందికి తెలియదు. రేషన్ షాపు దగ్గర, అంగన్‌వాడీ గోడ మీద తెలుగులో రాయించండి. ఇంట్లో ఒకటే ఫోన్, అదీ మగమనిషి జేబులో ఉండే ఇళ్ల కోసం ఆరోగ్య ఉపకేంద్రంలో తలుపు వేసుకుని మాట్లాడుకునే ఒక ఫోన్ పెట్టించండి.

అన్నింటికంటే ముఖ్యమైన మాట ఒకటుంది. కౌన్సెలర్ రాసుకున్న కాగితం పోలీస్ స్టేషన్‌కు పోకూడదు. మా ఆడవాళ్లు నోరు విప్పకపోవడానికి సిగ్గు కంటే పెద్ద కారణం ఇదే. ఆ రాత్రి ఎవరు వచ్చారు, ఎవరికి వండాను, మా ఆయన ఎక్కడికి పోయాడు అన్నవి చెప్పకుండా ఆమె తన భయం గురించి ఏం చెప్పగలదు? చెప్తే అది వాంగ్మూలం అవుతుందేమోనని ఆగిపోతుంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 18వ సెక్షన్ చికిత్స పొందే హక్కునిచ్చింది, 23వ సెక్షన్ ఆ వివరాలు గోప్యంగా ఉంచాలని చెప్పింది. ఆ మాట కలెక్టర్ గారి సంతకంతో తెలుగులో, మరాఠీలో రాసి ఆ గది తలుపు మీదే అంటించండి. చనిపోయినవాడు జవానా, అన్ననా, ఇన్ఫార్మర్ అని ముద్రపడినవాడా అని ఆ గదిలో ఎవరూ అడగకూడదు. అతని భార్య, తల్లి, చెల్లెలు వచ్చి కూర్చుంటే చాలు.

క్యాంపు తేదీ పెట్టేటప్పుడు మే నెలలో తునికాకు రోజులు వదిలేయండి, తెల్లవారకముందే అందరూ అడవికి పోతారు. మిరప ఏరే రోజుల్లో సగం ఊరు నది అవతలే ఉంటుంది. వారపు సంత రోజు పెడితే బాగుంటుంది. సంచి పట్టుకుని సంతకు వచ్చినట్టే వస్తారు, ఎక్కడికి పోతున్నావని ఇంట్లో ఎవరూ అడగరు. తేదీ ఖాయమైతే నాకు ముందుగా చెప్పండి. మా షాపు ముందు బోర్డు పెడతాను, 0.25 స్ట్రిప్పు ముక్కతో వచ్చిన ప్రతి మనిషికీ ఆ తేదీ చీటీ మీద రాసిస్తాను.

ఇట్లు,
సిరోంచలో మెడికల్ షాపు నడిపే ఒక మహిళ